గటక, గ్రిట్స్, గుప్పెడు బూడిద

అమెరికా దక్షిణాది రాష్ట్రాలైన జార్జియా, అలబామా, మిసిసిపీ, దక్షిణ కెరొలినాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గ్రిట్స్ అనే వంటకం అపరిచితం కాదు. ఉదయం పూట అక్కడి ఏ చిన్న భోజనశాలలో కూర్చున్నా, కోడిగుడ్ల ప్రక్కన తెల్లగా, జారుగా, పైన వెన్న కరుగుతూ ఒక గరిటెడు గ్రిట్స్ పళ్ళెంలోకి వస్తుంది. తొలిసారి చూచినవారు దానిని ఉప్పు వేసి కాచిన రవ్వ జావ అనుకుంటారు. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి పిల్లలను చూడవచ్చిన పెద్దలెవరైనా దానిని నోట పెట్టుకుంటే మాత్రం, “ఇది మన మక్క గటకే గదా!” అంటారు. ఆ మాట అక్షరాలా నిజం.

తెలంగాణలో మొక్కజొన్నలను మక్కలంటారు. మక్కలను విసిరి, మెత్తని పిండిని జల్లించి వేరుచేసి, మిగిలిన రవ్వను మరిగే నీటిలో పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తే గటక తయారవుతుంది. జొన్నలతోనూ ఇదే విధంగా చేస్తారు. చల్ల పోసుకొని గాని, పచ్చిపులుసుతో గాని తింటారు. రాయలసీమలో సంకటి, కోస్తా జిల్లాలలో బియ్యపు రవ్వతో చేసే ఉప్పుడుపిండి ఈ కుటుంబానికి చెందినవే. ధాన్యాన్ని పగులగొట్టి నీటిలో ఉడికించి ఉదయం పూట కడుపు నింపుకోవడం మానవజాతి అంతటికీ తెలిసిన విద్య. గ్రిట్స్ అనే ఇంగ్లీషు మాటకు కూడా మూలంలో ముతకగా విసిరిన పిండి అనే అర్థమే ఉన్నది.

అయితే గ్రిట్స్ చరిత్రలో గటకకు లేని ఒక విశేషం ఉన్నది. తరతరాలుగా తల్లి నుంచి బిడ్డకు అందుతూ వచ్చిన ఈ వంటలో ఒకప్పుడు గుప్పెడు బూడిదకు స్థానం ఉండేది. ఆ బూడిద ఎందుకో చెప్పగలిగిన వారెవరూ లేరు. మొక్కజొన్న ఖండాలు దాటిపోయినప్పుడు బూడిద వెంట వెళ్ళలేదు. ఆ లోటు, దానికి తోడైన పేదరికం కలసి లక్షలాది మందిని రోగగ్రస్తులను చేసిన తీరు పోషకాహార శాస్త్రంలో ఒక గొప్ప పాఠం. ఆ పాఠంలో చివరి అధ్యాయాలలో ఒకటి హైదరాబాదులో వ్రాయబడింది.

వంటకం పుట్టుపూర్వోత్తరాలు

మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో. అక్కడి ప్రాచీన జనులు ఎండిన గింజలను సున్నం గాని, బూడిద గాని కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, మరునాడు కడిగి, రాతిపై నూరుకొనేవారు. ఈ ప్రక్రియకు నిక్స్‌టమలీకరణం అని పేరు. ఆజ్టెక్ జనుల నవాట్ల్ భాషలో ‘నెక్స్‌ట్లి’ అంటే బూడిద, ‘తమల్లి’ అంటే ముద్ద చేసిన మొక్కజొన్న పిండి. ఈ పద్ధతి మూడు వేల సంవత్సరాలకు పైబడినదని పురాతత్త్వవేత్తల అభిప్రాయం.

మొక్కజొన్న సాగు ఉత్తరానికి వ్యాపించినప్పుడు ఈ పద్ధతి కూడా దానితో పాటు నడచింది. సున్నపురాయి దొరకని చోట కట్టెల బూడిద దాని పని చేసింది. నేటి అమెరికా ఆగ్నేయ భాగంలో నివసించిన మస్కోగీ, చెరోకీ మొదలైన జాతులవారు బూడిద నీటితో గింజల పొట్టు ఊడదీసి వండుకొనేవారు. మస్కోగీల ‘సోఫ్కీ’ అనే పలుచని మొక్కజొన్న జావను ఒకటి రెండు రోజులు పులియబెట్టి త్రాగడం కూడా ఉన్నది. మన అంబలికి అది దగ్గరి చుట్టం. పొట్టు తీసిన గింజలకు ‘హామినీ’ అనే పేరు వర్జీనియా తీరంలోని ఆల్గాంక్వియన్ భాష నుంచి వచ్చింది.

తరువాత వచ్చిన ఐరోపా వలసదారులు, వారు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజలు ఈ ఆహారాన్ని స్వీకరించారు. దక్షిణాది పల్లె ఇళ్ళలో పెరటిలో బూడిద తొట్టి ఒకటి ఉండేది. పొయ్యిలోని బూడిదను అందులో పోసి, పైన నీరు పోస్తే, అడుగున బొట్లు బొట్లుగా క్షారజలం దిగేది. దానితోనే సబ్బు వండేవారు, దానితోనే హామినీ చేసేవారు. హామినీని ఎండబెట్టి విసిరితే హామినీ గ్రిట్స్. క్షారం తగలని మొక్కజొన్నను నేరుగా తిరుగలిలో విసిరి వండుకోవడం కూడా వాడుకలో ఉండేది. కాలక్రమాన ఈ రెండవ పద్ధతే స్థిరపడింది. నేడు అంగళ్ళలో దొరికే గ్రిట్స్‌లో అధికభాగం క్షారం తగలని మొక్కజొన్న రవ్వయే. 2002లో జార్జియా శాసనసభ గ్రిట్స్‌ను రాష్ట్రపు అధికారిక వంటకంగా ప్రకటించింది.

పొయ్యి మీద జరిగే రసాయనం

మొక్కజొన్న గింజలో మూడు ముఖ్య భాగాలు ఉన్నాయి. పైన గట్టి పొట్టు, మొదట్లో నూనె నిండిన అంకురం, మిగిలినదంతా పిండి. పిండిలో ఎక్కువభాగం స్టార్చ్. ఇది సూక్ష్మమైన రేణువుల రూపంలో ఉంటుంది. గ్లూకోజ్ అణువులు గొలుసులుగా అల్లుకొని ఏర్పడిన అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే రెండు పదార్థాలు ఆ రేణువులో మడతలు పడి ఉంటాయి. చల్లని నీటిలో ఈ రేణువు కరగదు. నీరు 62 నుంచి 72 సెంటిగ్రేడు డిగ్రీల వరకు వేడెక్కేసరికి మడతలు విడి, రేణువు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. కొంత అమైలోజ్ బయటికి వచ్చి నీటిని చిక్కబరుస్తుంది. గటక గాని, గ్రిట్స్ గాని చిక్కబడడంలోని రహస్యం ఇదే.

ఉండలు కట్టడానికి కారణం కూడా ఇందులోనే ఉన్నది. మరిగే నీటిలో రవ్వను ఒక్కసారిగా కుమ్మరిస్తే, ముద్ద పైభాగాన ఉన్న రేణువులు క్షణంలో ఉబ్బి జిగురు పొరగా మారుతాయి. లోపలి పొడి రవ్వకు ఇక నీరు చేరదు. అందుకే ఒక చేత్తో సన్నని ధారగా పోస్తూ రెండవ చేత్తో కలపమని పెద్దలు చెబుతారు. దక్షిణాది గృహిణులు రవ్వను ముందుగా చన్నీటిలో నానబెట్టి, పైకి తేలిన పొట్టును గరిటెతో తీసివేసి, ఆ నీటితోనే పొయ్యి ఎక్కిస్తారు. నానిన రవ్వలో నీరు ముందే చేరి ఉంటుంది గనుక ఉండ కట్టదు, త్వరగా ఉడుకుతుంది.

చల్లారిన గ్రిట్స్ గట్టిపడి ముక్కలుగా కోయడానికి వీలవుతుంది. చల్లబడినప్పుడు అమైలోజ్ గొలుసులు మళ్ళీ ఒకదానికొకటి దగ్గరై, నీటిని బయటికి నెట్టి బిగుసుకుంటాయి. ఉదయం మిగిలిన గ్రిట్స్‌ను మరునాడు ముక్కలుగా కోసి పెనం మీద వేయించుకోవడం అక్కడి ఇళ్ళలో అలవాటు. మిగిలిన సంకటి ముద్దను మజ్జిగలో పిసికి త్రాగే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. రెండింటిలోనూ గింజ వ్యర్థం కారాదనే పట్టుదల కనిపిస్తుంది.

బూడిద నీటి పని

కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. ఈ రెండూ నీటిలో కలసినప్పుడు క్షారగుణం వస్తుంది. ఆ క్షారం మొక్కజొన్నపై మూడు పనులు చేస్తుంది.

మొదటిది కంటికి కనబడే పని. పొట్టును గింజకు అంటిపెట్టే హెమిసెల్యులోజ్ అనే జిగురు పదార్థాన్ని క్షారం కరిగిస్తుంది. పొట్టు చేతితో రుద్దితే ఊడిపోతుంది. రెండవది చేతికి తెలిసే పని. పొట్టులోని జిగురు కొంత కరగడం వలన, పిండి కొంత ఉబ్బడం వలన, నూరిన ముద్ద సాగుతుంది, రొట్టెగా ఒత్తడానికి వీలవుతుంది. సున్నం వాడితే కొంత కాల్షియం గింజలోకి చేరి ఎముకలకు మేలు చేస్తుంది.

మూడవ పని కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ప్రాణాలు నిలిపినది అదే. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి వర్గపు విటమిన్ లేకపోలేదు. కాని అందులో అధికభాగం స్వేచ్ఛగా లేదు. గింజలోని పిండిపదార్థాలకు, పీచుకు ఎస్టర్ బంధంతో కట్టుబడి ఉన్నది. మన పేగులలోని జీర్ణరసాలు ఆ బంధాన్ని తెంచలేవు. విటమిన్ నోటి గుండా ప్రవేశించి శరీరానికి అందకుండానే వెళ్ళిపోతుంది. పెట్టెలో ధనం ఉండి తాళంచెవి లేని స్థితి ఇది. క్షారజలంలో ఉడికినప్పుడు ఎస్టర్ బంధం తెగి నయాసిన్ విడుదలవుతుంది. నూనెను క్షారంతో కాచినప్పుడు సబ్బు తయారయ్యే చర్య కూడా ఇదే జాతిది. పెరటిలోని ఒకే బూడిద తొట్టి నుంచి సబ్బు, హామినీ రెండూ రావడం రసాయనశాస్త్ర దృష్టిలో కాకతాళీయం కాదు.

ఇంకొక విషయం కూడా చెప్పుకోవాలి. ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం నుంచి మన శరీరం కొంత నయాసిన్‌ను స్వయంగా తయారుచేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నయాసిన్ లభిస్తుందని లెక్క. మొక్కజొన్నలోని ప్రధాన మాంసకృత్తి అయిన జీన్‌లో ట్రిప్టోఫాన్ దాదాపు లేదు. కావున పాలు, పప్పు, మాంసం, గుడ్డు ఏవీ అందక, క్షారం తగలని మొక్కజొన్న మాత్రమే తినేవారికి రెండు దారులూ మూసుకుపోతాయి.

గింజ దాటింది, విద్య దాటలేదు

15వ శతాబ్ది చివర కొలంబస్ యాత్రల తరువాత మొక్కజొన్న ఐరోపాకు చేరింది. తక్కువ శ్రమతో ఎక్కువ దిగుబడి ఇచ్చే ఈ గింజ స్పెయిన్, ఇటలీ దేశాల పేదరైతులకు ప్రధానాహారమైంది. గింజను తీసుకువెళ్ళినవారు దానిని వండే స్త్రీల విద్యను తీసుకువెళ్ళలేదు. తిరుగలిలో మెత్తగా విసరగలిగినప్పుడు సున్నపు నీరెందుకని వారికి తోచి ఉండవచ్చు.

1735లో గాస్పర్ కాసాల్ అనే వైద్యుడు స్పెయిన్‌లోని ఆస్టూరియస్ ప్రాంతపు పేదలలో ఒక వింత జబ్బును గుర్తించాడు. ఎండ తగిలే చోట చర్మం ఎర్రబారి, నల్లబడి, పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ హారంలా మచ్చ ఏర్పడుతుంది. తరువాత విరేచనాలు, ఆ పైన మతిభ్రమణం, చివరకు మరణం. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపొల్లి దీనిని పెల్లాగ్రా అనే పేరుతో వర్ణించాడు. ఇటలీ పల్లె భాషలో ఆ మాటకు గరుకు చర్మమని అర్థం. మెక్సికోలో వేల సంవత్సరాలు మొక్కజొన్నయే తిన్న ప్రజలకు ఈ జబ్బు బెడద లేకపోవడం ఏమిటనే ప్రశ్న చాలాకాలం ఎవరికీ తోచలేదు.

దక్షిణాదిని కుదిపిన జబ్బు

అమెరికా దక్షిణాదిలో 20వ శతాబ్ది తొలి దశకంలో పెల్లాగ్రా బయటపడింది. 1906లో అలబామాలోని ఒక మానసిక వైద్యశాలలో 88 మందికి సోకి, 57 మంది మరణించారు. తరువాతి నాలుగు దశాబ్దాలలో దక్షిణాదిలో సుమారు 30 లక్షల మంది ఈ వ్యాధికి గురయ్యారని, లక్ష మంది చనిపోయారని అంచనా.

దక్షిణాది వారు అంతకుముందు కూడా మొక్కజొన్న తిన్నారు గదా, జబ్బు అప్పుడే ఎందుకు విజృంభించింది? బూడిద నీరు మానుకోవడమొక్కటే కారణమని చెప్పడం సరికాదు. క్షారం తగలని మొక్కజొన్న రొట్టె పూర్వం నుంచీ ఉన్నదే. కాని దానితో పాటు పాలు, పెరటి కూరలు, బొబ్బర్లు, వేట మాంసం దొరికేవి. అంతర్యుద్ధం తరువాత కౌలురైతుల బ్రతుకు పత్తికి తాకట్టు పడింది. గుమ్మం దాకా పత్తి వేయడంతో కూరమడికీ, పశువుకూ చోటు లేకపోయింది. అప్పు మీద అంగడిలో తెచ్చుకొన్న మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకమే ఏడాదిలో ఎక్కువ నెలలు ఆహారం. అదే కాలంలో గింజ నుంచి అంకురాన్ని తొలగించే కొత్త యంత్రాలు వచ్చాయి. అంకురం తీసిన పిండి నూనె వాసన పట్టదు, దూరప్రాంతాలకు పంపవచ్చు. కాని మంచి మాంసకృత్తులు, విటమిన్లు ఉన్న భాగం అదే. ఆ విధంగా పళ్ళెంలోని వంటకం పేరు మారలేదు, రంగు మారలేదు, సారం మాత్రం జారిపోయింది.

1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుని ఈ సమస్యపై నియమించింది. పెల్లాగ్రా అంటువ్యాధి అని నాడు పలువురి నమ్మకం. గోల్డ్‌బెర్గర్ వైద్యశాలలను, అనాథాశ్రమాలను తిరిగి చూచి ఒక చిన్న విషయం గమనించాడు. రోగులతో పగలూ రాత్రీ మెలిగే సేవకులకు జబ్బు రావడం లేదు. మిసిసిపీలోని అనాథాశ్రమాలలో చంటిపిల్లలకు పాలు ఇస్తున్నారు, పనిచేయగల పెద్దపిల్లలకు మాంసం పెడుతున్నారు. జబ్బు ముఖ్యంగా నడిమి వయస్సు పిల్లలకే వస్తున్నది. వారి పళ్ళెంలో గ్రిట్స్, రొట్టె, పాకం తప్ప మరేమీ లేదు. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు ఇప్పించగానే జబ్బు తగ్గిపోయింది.

1915లో మిసిసిపీ జైలు క్షేత్రంలో అతడు దీనికి విలోమ ప్రయోగం చేశాడు. శిక్ష రద్దు చేస్తామని గవర్నరు మాట ఇవ్వగా 12 మంది ఖైదీలు ముందుకు వచ్చారు. వారికి గ్రిట్స్, మొక్కజొన్న జావ, రొట్టె, చిలగడదుంప, పాకం వంటివి మాత్రమే పెట్టారు. చివరి వరకు నిలిచిన 11 మందిలో 6 గురికి పెల్లాగ్రా వచ్చింది. నేటి నీతి నియమాలు ఇటువంటి ప్రయోగాన్ని అనుమతించవు. ఖైదీల సమ్మతి నిజమైన సమ్మతి అవునా అనే ప్రశ్న నేటికీ మిగిలే ఉన్నది. అయినా అంటువ్యాధి వాదులు లొంగలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్, అతని సహచరులు రోగుల రక్తాన్ని సూదితో ఎక్కించుకున్నారు, వారి చర్మపు పొలుసులను, విసర్జితాలను మాత్రలుగా చేసి మ్రింగారు. అతని భార్య మేరీ కూడా పట్టుబట్టి రక్తపు సూది వేయించుకున్నది. ఎవరికీ జబ్బు రాలేదు.

తరువాత దక్షిణ కెరొలినా నూలుమిల్లుల ఊళ్ళలో ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలసి చేసిన సర్వేలో కుటుంబ ఆదాయం పడిపోయిన కొద్దీ జబ్బు పెరుగుతున్నదని తేలింది. 1921లో పత్తి ధర పడిపోయినప్పుడు జబ్బు పెరుగుతుందని హెచ్చరిస్తే, దక్షిణాది నాయకులు పలువురు తమ ప్రాంతానికి అప్రతిష్ఠ తెస్తున్నారని ఆగ్రహించారు. తమ ఇంటి వంటను, తమ పేదరికాన్ని బయటివాడు వేలెత్తి చూపాడనే బాధ అది. 1927 మిసిసిపీ వరదలలో గోల్డ్‌బెర్గర్ సలహాపై రెడ్‌క్రాస్ సంస్థ చవకైన ఈస్టును పంచి పలువురిని కాపాడింది. ఈస్టులో ఉన్న ఆ రక్షక పదార్థమేదో తెలియకుండానే 1929 జనవరిలో గోల్డ్‌బెర్గర్ కన్నుమూశాడు.

అలమరలోని సీసా

ఆ పదార్థం 1937లో తెలిసింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ బృందం, కుక్కలలో పెల్లాగ్రాకు సమానమైన నల్లనాలుక వ్యాధిని నికొటినిక్ ఆమ్లంతో నయం చేసింది. విచిత్రమేమంటే, ఈ ఆమ్లం 19వ శతాబ్ది నుంచీ రసాయనశాలల అలమరలలో ఉన్న సీసాయే. పొగాకులోని నికొటిన్ నుంచి దానిని మొదట తయారుచేశారు గనుక ఆ పేరు వచ్చింది. 1910వ దశకం తొలినాళ్ళలో కాసిమిర్ ఫంక్ బెరిబెరికి మందు వెదకుతూ దీనిని వేరుచేశాడు. అది బెరిబెరిని తగ్గించలేదు గనుక ప్రక్కన పెట్టాడు. ఒక ప్రశ్నకు తప్పుడు జవాబైనది మరొక ప్రశ్నకు సరియైన జవాబు కాగలదని ఎవరూ ఊహించలేదు. ఆహారంలో పొగాకు కలుపుతున్నారని జనం భ్రమపడకుండా తరువాత దానికి నయాసిన్ అని పేరు పెట్టారు. 1945లో అదే బృందానికి చెందిన క్రెల్, టెప్లీ, శర్మ, ఎల్వెహ్యెమ్ ట్రిప్టోఫాన్ కూడా నయాసిన్ లోటును తీర్చగలదని ఎలుకలపై నిరూపించారు.

ఈ కథలో తెలుగువారు గర్వించదగిన పేరొకటి ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించి, హార్వర్డ్‌లో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు, 1938లో కాలేయపు సారాలలో నికొటినిక్ ఆమ్లం ఎంత ఉన్నదో, నల్లనాలుకను అవి ఎంతవరకు నివారించగలవో కొలిచిన పరిశోధనలో భాగస్వామి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన తరువాత ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1940వ దశకంలో దక్షిణాది రాష్ట్రాలు మొక్కజొన్న పిండికి, గ్రిట్స్‌కు నయాసిన్, ఇతర బి విటమిన్లు, ఇనుము కలిపించసాగాయి. 1998 నుంచి అమెరికాలో బలవర్ధకమని ముద్రించి అమ్మే ధాన్యపు పిండ్లలో ఫోలిక్ ఆమ్లం కూడా తప్పనిసరి అయింది. నేటి బలవర్ధక గ్రిట్స్ సంచి వెనుక వరుసగా ముద్రించిన పేర్లలో రెండింటి వెనుక భీమవరం బిడ్డడి కృషి ఉన్నదన్నమాట.

హైదరాబాదు అధ్యాయం

మొక్కజొన్న తింటేనే పెల్లాగ్రా వస్తుందని లోకం స్థిరపరచుకున్న తరువాత దక్కను పీఠభూమి ఒక చిక్కుప్రశ్న వేసింది. హైదరాబాదు పరిసరాలలో జొన్నరొట్టె, జొన్న గటక ప్రధానాహారంగా బ్రతికే నిరుపేద కూలీలలో పెల్లాగ్రా కనబడింది. జొన్నలో నయాసిన్ గాని, ట్రిప్టోఫాన్ గాని వరిబియ్యం కంటె తీసిపోయినంత లేవు. వరి తినేవారికి రాని జబ్బు జొన్న తినేవారికి ఎందుకు వస్తున్నది?

కూనూరులో 1918లో ఒక గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ ప్రశ్నను చేపట్టింది. 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియా లాన్సెట్ పత్రికలో తమ సమాధానం ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమినో ఆమ్లం అధికం. ల్యూసిన్ మితిమీరితే శరీరం ట్రిప్టోఫాన్‌ను, నయాసిన్‌ను ఉపయోగించుకొనే మార్గానికి అడ్డు తగులుతుందని వారి వాదం. మొక్కజొన్నలో కూడా ల్యూసిన్ ఎక్కువే. ఈ సిద్ధాంతాన్ని ఇతర దేశాల ప్రయోగాలన్నీ సమర్థించలేదు. బి6 విటమిన్ పాత్ర కూడా ఉన్నదని తరువాతి పరిశోధనలు సూచించాయి. వాదం ఎట్లున్నా, జబ్బు బీదవారి ఏకాహారానికి అంటిపెట్టుకొని ఉన్నదనే గోల్డ్‌బెర్గర్ మాటను దక్కను మళ్ళీ రుజువు చేసింది. పళ్ళెంలోకి పప్పు, పాలు, ఇతర ధాన్యాలు చేరిన కొద్దీ ఆ జబ్బు అరుదైపోయింది.

దీనివలన జొన్నను గాని, మక్కలను గాని తప్పుపట్టరాదు. గటకతో పాటు చల్ల, పప్పు, ఆకుకూర ఉన్న ఇంట పెల్లాగ్రా అడుగుపెట్టదు. ఏ గింజ అయినా ఒంటరిగా మిగిలినప్పుడే లోపం చూపిస్తుంది.

ఇంటి వంటగదికి కొన్ని సూచనలు

అంగళ్ళలో గ్రిట్స్ నాలుగు రకాలు. రాతి తిరుగలిలో విసిరిన రకంలో అంకురం చాలావరకు మిగిలి ఉంటుంది. రుచి ఎక్కువ, నిలువ తక్కువ. చల్లపెట్టెలో ఉంచాలి. త్వరగా ఉడికే రకం సన్నని రవ్వ, అంకురం తీసినది. తక్షణ రకం ముందే ఉడికించి ఎండబెట్టినది. హామినీ గ్రిట్స్ అని వ్రాసి ఉన్నా, క్షారంతో శుద్ధి చేసినదా కాదా అని సంచి వెనుక చూచి తెలుసుకోవాలి.

తెలుగువారికి ఒక ముఖ్య హెచ్చరిక. ధాన్యమేదైనా మూడుసార్లు కడిగి పొయ్యి ఎక్కించడం మన అలవాటు. బలవర్ధక గ్రిట్స్‌కు, బలవర్ధక బియ్యానికి విటమిన్లు చాలావరకు పొడి రూపంలోనో, పైపూతగానో కలుపుతారు. కడిగితే వాటిలో కొంత నీటితో పాటు తొట్టిలోకి పోతుంది. కడుగవద్దని సంచిపై ఉంటే కడుగరాదు.

రాతి తిరుగలి రకానికి కప్పు రవ్వకు నాలుగు కప్పుల నీరు, సన్నని మంటపై ముప్పావు గంట నుంచి గంట వ్యవధి కావాలి. రాత్రి నానబెట్టుకుంటే సమయం కలసివస్తుంది. ఆవాలు, జీలకర్ర, మినపప్పు, అల్లం, పచ్చిమిరప, కరివేపాకు తాలింపు వేసి, గుప్పెడు నానిన పెసరపప్పు చేర్చి ఉడికిస్తే ఉప్పుడుపిండికి తీసిపోని ఉపాహారమవుతుంది. పెసరపప్పు రుచికి మాత్రమే కాదు. మొక్కజొన్నలో లోపించిన లైసిన్ అనే అమినో ఆమ్లాన్ని అది సమకూరుస్తుంది.

పిల్లలకు క్షారపు పనిని కళ్ళారా చూపాలనుకొనే తల్లిదండ్రులు కిలో ఎండు మొక్కజొన్నలు, మూడు లీటర్ల నీరు, 10 గ్రాముల పచ్చళ్ళకు వాడే ఆహారయోగ్యమైన సున్నం తీసుకొని స్టీలు పాత్రలో అరగంట నుంచి ముప్పావు గంట ఉడికించి, రాత్రంతా నాననివ్వాలి. మరునాడు గింజలను రుద్ది, నీరు మార్చి మార్చి బాగా కడిగితే పసుపుపచ్చని పొట్టు జారిపోతుంది. అల్యూమినియం పాత్ర వాడరాదు. గోడలకు వేసే సున్నం గాని, పొడి సున్నం గాని వాడరాదు. సున్నపు నీరు కళ్ళలో పడకుండా పెద్దలే దగ్గరుండి చేయించాలి.

ముగింపు

పెద్దల నుంచి వచ్చే వంటలో దినుసులు మాత్రమే లేవు, పద్ధతి కూడా ఉన్నది. దినుసులను కాగితం మీద వ్రాసుకొంటాము. పద్ధతిని తొందరలో కుదించుకొంటాము. సోఫ్కీ కాచిన మస్కోగీ ముసలమ్మకు ఎస్టర్ బంధం సంగతి తెలియదు. ఆమె చేతి బూడిదలో ఉన్న మేలు తెలుసుకోవడానికి శాస్త్రానికి 20వ శతాబ్ది దాకా పట్టింది. పాతదైనంత మాత్రాన ప్రతి ఆచారం మంచిది కాదు. కారణం తెలియదని ప్రతిదానినీ తోసివేయడమూ వివేకం కాదు. పరీక్షించి చూడడమే సరియైన మార్గం.

సెలవులలో స్వదేశానికి వెళ్ళే పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల వద్ద కూర్చొని, జొన్నలు ఎంతసేపు నానబెడతారు, గంజి ఎందుకు వార్చరు, సంకటిలోకి ఏ పప్పు, ఏ ఆకు జత చేస్తారు అని అడిగి వ్రాసుకుంటే మంచిది. “ఎందుకో తెలియదురా, మా అమ్మ అట్లాగే చేసేది” అనే జవాబు వస్తే ఆ మాటను కూడా కొట్టివేయకుండా వ్రాసుకోవాలి. ఆ జవాబు వెనుక ఎప్పుడో ఒకనాడు ఒక రసాయనశాస్త్ర పాఠం దొరకవచ్చు.